కొయ్య యచ్చుల చిత్రకారుడు యొషిదా హిరోషి

మన యిండ్లలో చిత్రకళను గూర్చి రెండభిప్రాయములు గలవు. గోడకు వ్రేలాడు పటము గౌరవనీయమైనది. ఆ పటమును చేసిన చేయి మాత్రము అంత గౌరవనీయము కాదు. పటము సభ్యతకు గుర్తు, దానిని చేయుట కూలిపని. ఈ రెండభిప్రాయములును ఒకే మనస్సులో, ఒకదానితో నొకటి కలహింపక, తరతరములుగా కాపురము చేయుచున్నవి.

దిల్‌సుఖ్‌నగరులో మేము కాపురముండు వీధిలో ప్రతి రెండవ మేడమీదను ఒక శిక్షణాలయపు పలక గాని, ఒక వసతిగృహపు పలక గాని కనబడును. జిల్లాల నుండి వచ్చిన బాలబాలికలు తెల్లవాఱకమునుపే పుస్తకముల సంచులతో బయలుదేరి, రాత్రి దీపముల వేళకు తిరిగి వచ్చుచుందురు. మా యమ్మాయియు నట్టివారిలో నొకతె. గడచిన వేసవిలో ఆమె ఒక మెత్తని కొయ్యముక్కను, రెండు చిన్న యులులను సంపాదించి, సరూరునగరు చెఱువుగట్టున తాను చూచిన కొంగ రూపమును దానిపై చెక్కుచుండెను. ఆ దినముననే మా మేనమామగారు విజయవాడ బస్సులో వచ్చి, ఎల్.బి. నగరు కూడలిలో దిగి, మా యింటికి వచ్చిరి. వచ్చుచు మాకొక పెడన దుప్పటిని కానుకగా తెచ్చిరి. అమ్మాయి చేతిలో నులిని చూచి వారు నొచ్చుకొనిరి.

"ఏమే తల్లీ, ఇంజనీరింగు చదువవలసిన పిల్లవు. వడ్రంగివలె కొయ్య చెక్కుచు కూర్చుంటివేమి?" అనిరి.

"తాతయ్యా, నీవు తెచ్చిన దుప్పటి కూడ ఇటువంటి చెక్కతో అద్దినదే గదా!" అని యామె బదులు చెప్పెను.

వారు నవ్వి, "దుప్పటి కొనుట వేఱు, చెక్క చెక్కుట వేఱు" అనిరి.

మా మామగారు దుష్టులు గారు, చదువుకొన్నవారు, దయాళువులు. వారి నోట వచ్చిన మాట వారొక్కరిది గాదు, మన సంఘమంతటిది. కొనుట వేఱు, చెక్కుట వేఱు! ఈ భేదమును తన జీవితములో సగము చెఱిపివేసి, సగము చెఱుపలేకపోయిన యొక జపాను చిత్రకారుని చరిత్రమును, ఆతని పనిని ఇచట విమర్శింప దలచితిని. అతని పేరు యొషిదా హిరోషి. జపానువారు ఇంటిపేరును ముందు చెప్పుదురు. ఆ వాడుక మనకు క్రొత్త గాదు. అతడు మన దేశమునకు వచ్చి, నాడు హైదరాబాదు రాష్ట్రములో నున్న అజంతా ఎల్లోరాలను గూడ చూచి, వానిని కొయ్యపై నెక్కించినవాడు గావున మనకు బొత్తిగా పరాయివాడు కాడు.

మొదట కొయ్య యచ్చు చిత్రమనగా నేమో తెలిసికొందము. పెడనలోను మచిలీపట్టణములోను కలంకారీ యద్దకమును చూచినవారికి దీనిని బోధించుట సులభము. అచట టేకు చెక్కపై నమూనాను చెక్కి, రంగులో నద్ది, కరక్కాయ నీటిలో తడిపి యారబెట్టిన గుడ్డపై నుంచి పిడికిటితో పొడుచుదురు. గీతకొక యచ్చు, ఎఱుపునకొక యచ్చు, ఇట్లు ప్రతి రంగునకును వేఱు వేఱు చెక్కలుండును. జపాను పద్ధతియు మూలమున నిదియే. అయితే మన యద్దకములో అచ్చు గుడ్డపైకి దిగును. వారి పద్ధతిలో కాగితము అచ్చుపైకి దిగును. కొండచెఱ్ఱి మ్రాని పలకపై చిత్రకారుని గీతను అతికించి, గీత నిలిచియుండునట్లు మిగిలిన కొయ్యను తొలచివేయుదురు. దానిపై నీటిరంగును, కొంచెము బియ్యపు జిగురును కుంచెతో పూసి, తేమగా నున్న కాగితమును పఱచి, వెదురు పొరతో చుట్టిన గుండ్రని దిమ్మతో వెనుకవైపున రుద్దుదురు. పలక మూలను కాగితపు టంచు ఆనుటకు రెండు గుఱుతులు చెక్కబడి యుండును. ఆ గుఱుతులు వెండ్రుకవాసి తప్పిన యెడల ఆకాశము కొండలోనికి జాఱును, పెదవి చెంపపైకి పోవును. చెక్కపై రంగును క్రమముగా తుడిచి, ముదురు నీలిని లేత నీలిగా కరగించు నేర్పు ఇందులో మిక్కిలి ప్రశస్తమైనది.

పూర్వము జపానులో ఈ పనిని నలుగురు పంచుకొనెడివారు. చిత్రకారుడు గీయును, చెక్కువాడు చెక్కును, అద్దువాడు అద్దును, ప్రకటనకర్త పెట్టుబడి పెట్టి యమ్మును. లోకప్రసిద్ధులైన హొకుసాయి, హిరోషిగేల చిత్రములన్నియు నిట్లు పుట్టినవే. పందొమ్మిదవ శతాబ్ది చివరకు ఛాయాచిత్రములును యంత్రముద్రణమును వచ్చి యీ వృత్తిని కృశింపజేసెను. ఇరువదవ శతాబ్ది యారంభమున దీనిని బ్రతికింప రెండు మార్గములు బయలుదేరెను. గీయుట, చెక్కుట, అద్దుట మూడును ఒక్క చేతనే జరుగవలెననునది యొక మార్గము. 1904లో యమమొతొ కనాయె యను యువకుడు దీనికి నాంది పలికెను. పాత పనివిభాగమును నిలుపుకొని క్రొత్త చిత్రములు చేయింపవలెననునది రెండవ మార్గము. టోకియోలో వాతనబె షోజబురో యను ప్రకటనకర్త దీనికి ముఖ్యుడు. యొషిదా హిరోషి ఈ రెండు మార్గముల నడుమ నిలిచినవాడు. అతని గొప్పతనమును లోపమును గూడ ఆ నిలుకడలోనే యున్నవని నా యభిప్రాయము.

హిరోషి 1876వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన దక్షిణ జపానులోని కురుమె పట్టణమున ఉయెదా యను కుటుంబములో జనించెను. అతని చేతిలోని నేర్పును చూచి, యొషిదా కసబురో యను చిత్రలేఖనోపాధ్యాయుడు పదునైదవ యేట నతనిని దత్తత చేసికొనెను. మన దేశములో ఆస్తి కొఱకును, పిండోదకముల కొఱకును దత్తత చేసికొనుట వినియున్నాము. విద్య నిలుచుటకై దత్తత చేసికొనుట యెంత ముచ్చటైన యాచారమో చదువరులు గమనింతురు గాక. బాలుడు క్యోటోలోను, పిమ్మట టోకియోలోను పాశ్చాత్యపద్ధతి చిత్రలేఖనము నభ్యసించెను. 1894లో పెంపుడు తండ్రి మరణింపగా, పదునెనిమిదేండ్ల ప్రాయమున కుటుంబభారమంతయు నతనిపై బడెను.

1899లో అతడొక మిత్రునితో గూడ నీటిరంగు చిత్రముల కట్టను పట్టుకొని అమెరికాకు పయనమయ్యెను. డెట్రాయిట్ నగరమున వారి చిత్రములను ప్రదర్శింపగా ననేకము లమ్ముడుపోయెను. ఆ సొమ్ముతో యూరపును గూడ చూచి, 1901లో స్వదేశమునకు మఱలెను. 1903లో మఱల బయలుదేరినపుడు అతనికి తోడుగా వచ్చినది కసబురో కుమార్తె ఫుజియో. ఆమెకప్పటికి పదునాఱేండ్లు. ఆమెయు చిత్రకారిణియే, ఆమె చిత్రములును అతని చిత్రములతో పాటు ప్రదర్శింపబడి యమ్ముడుపోయెను. ఈ యాత్ర 1907 వఱకు సాగెను. ఆ సంవత్సరమే వారికి వివాహమయ్యెను. ఈమెను గూర్చి మఱల చెప్పెదను.

ఇంతవఱకు హిరోషి కొయ్యను ముట్టలేదు. అతడు తైలవర్ణములతోను నీటిరంగులతోను ప్రకృతిని వ్రాయు పెద్దమనిషి. కొయ్య చెక్కువారు వేఱు వీధివారు. 1920లో వాతనబె కోరగా, మెయిజీ దేవాలయపు పవిత్రోద్యానమును గీసి యిచ్చెను. వాతనబె పనివాండ్రు దానిని చెక్కి యద్దిరి. ఇట్లు మఱికొన్ని చిత్రములు వెలువడెను. ఇంతలో 1923వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన టోకియో ప్రాంతమున మహాభూకంపము సంభవించి, దాని వెంట మంటలు చెలరేగి, నగరములో నధికభాగము భస్మమయ్యెను. వాతనబె యంగడి, అందలి యచ్చు పలకలు, అద్దిన చిత్రములు దగ్ధమయ్యెను. ఆ యగ్నిలోనే మన అజంతా చిత్రములకు జపాను పండితులు కొన్నియేండ్ల క్రిందట వచ్చి తీసికొనిపోయిన ప్రతులును నశించెను. దేశములు వేఱైనను, ఒక జాతి పోగొట్టుకొన్నది మఱొక జాతికి గూడ నష్టమగుచుండును.

భూకంపమునందు దిక్కుమాలిన చిత్రకారులకు సాయపడుటకై హిరోషియు ఫుజియోయు తోటివారి చిత్రములను గూడ తీసికొని మూడవమాఱు అమెరికాకు పోయిరి. అచ్చట నతనికొక చేదు సంగతి తెలిసివచ్చెను. జనులు అతని తైలచిత్రములకంటె కొయ్య యచ్చులనే యెక్కువగా కోరుచుండిరి. అయితే అంగళ్ళలో వారికి దొరకుచున్నవి పాత చిత్రములకు తీసిన నాసిరకపు నకళ్ళు. తన దేశపు విద్య పేరు చెప్పి చెత్త యమ్ముడుపోవుట చూచి యతడు బాధపడెను. 1925లో ఇంటికి వచ్చి, నలువదితొమ్మిదవ యేట, స్వంత కార్యశాలను స్థాపించెను. చెక్కువారిని అద్దువారిని తానే నియమించుకొనెను. అంతటితో నూరకుండక, యులి పట్టుటయు దిమ్మతో రుద్దుటయు తానే నేర్చుకొనెను. పనివానికంటె ఎక్కువగా పని తెలియని వాడు పనివానికి ఆజ్ఞ యిచ్చుటకు తగడని యతని మతము. నలువదితొమ్మిదేండ్ల వయస్సున, దేశదేశముల పేరు సంపాదించిన పిమ్మట, తన కూలివాని యెదుట శిష్యుడై కూర్చుండుట సామాన్యమైన పని గాదు. మన మామగారు చెప్పిన "వేఱు" అను గోడ నతడు తన యింటిలో నిట్లు పడగొట్టెను.

ఆ గోడ పడుటచే చిత్రమునకు కలిగిన లాభమేమి? దానిని చూపనిచో నాది విమర్శ గాక ప్రశంస యగును.

1926లో నతడు అద్దిన పడవల చిత్రములను చూడుడు. సముద్రముపై తెరచాపలెత్తిన పడవలు, అంతే విషయము. కాని అవే పలకలను రంగులు మాత్రము మార్చి, ఉదయము, పూర్వాహ్ణము, అపరాహ్ణము, మంచు, సాయంకాలము, రాత్రి అని యాఱు చిత్రములుగా నద్దెను. ప్రాతఃకాలపు చిత్రములో తెరచాపపై బంగారు వెలుగు నీటిలోనికి జాఱును. మంచు చిత్రములో దూరపు పడవలు ఉన్నవో లేవో యనిపించును. రాత్రి చిత్రములో తెరచాప నల్లని ముద్ద. గీత యొక్కటే, కాలము మాఱినది. కాగితముపై కుంచెతో వ్రాయువాడు ఆఱు వేళలను చూపవలెనన్న నాఱుమాఱులు గీయవలెను; ఆఱింటిలోను గీత కొంచెము కొంచెము మాఱకుండదు. వస్తువు స్థిరము, వెలుగు చంచలము అను సత్యమును ఇంత నిష్కర్షగా చెప్పుటకు అచ్చు విద్యయే తగినది. అద్దుట కూలిపని యని చిత్రకారుడు దూరముగా నుండినచో, అద్దుటలోనే యొక భావము దాగియున్నదని యతనికి తెలిసియుండునా?

రెండవ లాభము రంగుల లోతు. హిరోషి చిత్రములకు సగటున ముప్పదిసార్లు, కొన్నింటికి తొంబదిసార్ల వఱకు అద్దకము పడినది. ఒక పలుచని రంగుపై మఱొక పలుచని రంగు, దానిపై మఱొకటి. ప్రతిసారియు గుఱుతు తప్పక, కాగితపు తేమ యారక, సాగక. నూఱుమాఱుల సరియైన చేతిపని యొక్కమాఱు తప్పినచో నంతయు వ్యర్థము. ఇట్టి యోపిక చేతనే అతని హిమశిఖరములపై ఉదయపు గులాబికాంతి పూసినట్లు గాక, లోపలినుండి వెలిగినట్లు కనబడును. అతడు పర్వతారోహణప్రియుడు, కొండలెక్కి, గుడారములలో పండుకొని, సూర్యుడు వచ్చు వేళకు కనిపెట్టుకొని యుండెడివాడు. 1926లో వెలువడిన జపాను ఆల్ప్సు పర్వతముల చిత్రమాలలో నీ యనుభవము స్పష్టముగా తెలియును. 1928లో చేసిన "సెలయేరు" అను పెద్ద చిత్రమునకు తానే యులి పట్టెను. బండలపై విఱిగి సుడులు తిరుగు నీటిని గీసినవాని చేయియే చెక్కినందున, ఆ గీతలలో తడబాటు లేదు. నీరు పాఱుటను మనము చూచుట గాదు, వినుట యగుచున్నది.

1930వ సంవత్సరము చివర హిరోషి తన పెద్దకుమారుడైన తోషిని వెంటబెట్టుకొని భారతదేశమునకు వచ్చెను. కాంచనగంగ, కాశీ ఘట్టములు, ఆగ్రా, ఫతేపూరు సిక్రీ, అమృతసరస్సు, ఉదయపురము, సాంచి, మధుర మీనాక్షి యాలయము, తిరుచిరాపల్లి కొండ మొదలగువానిని చూచి, చిత్రములు గీసికొని, స్వదేశమునకు పోయి 1931, 1932 సంవత్సరములలో అచ్చు వేసెను. ఆగ్నేయాసియా దృశ్యములతో గూడ నివి ముప్పదికి పైబడినవి. తాజమహలును మాత్రమే యాఱు చిత్రములుగా వేసెను: పగలు, రాత్రి, ప్రొద్దుటి మంచు. తాజమహలును చూచి పద్యములు చెప్పనివాడు లేడు. కాని దాని పాలరాయి ఏ వేళ కే రంగు నొందునో ఇంత శ్రద్ధతో లెక్కవ్రాసినవారు తక్కువ. ఫతేపూరు సిక్రీ చిత్రములో జాలికిటికీ గుండా వచ్చిన యెండ లోపలి గది నంతయు తేనెరంగుతో నింపును. మన దేశపు మధ్యాహ్నమును, దాని వేడిమిని, నిశ్శబ్దమును చలిదేశపు కాగితముపై నెక్కించిన యా చిత్రము అతని భారతీయ చిత్రములలో నుత్తమమని నేనెంచెదను.

ఇక ఎల్లోరా. నాడు అజంతాయు ఎల్లోరాయు నిజాము పాలనలోని ఔరంగాబాదు జిల్లాలో నుండెను. 1956లో రాష్ట్రముల పునర్విభజనమున ఆ భూమి మననుండి వేఱయినది. ఎనిమిదవ శతాబ్దిలో రాష్ట్రకూట రాజైన మొదటి కృష్ణుని కాలమున చెక్కబడిన కైలాసాలయమును హిరోషి యచ్చుపై నెక్కించెను. ఇందొక చమత్కారము గలదు. కైలాసాలయము కట్టినది గాదు, చెక్కినది. కొండను పైనుండి క్రిందికి తొలచి, అక్కఱలేని రాతినంతయు తీసివేయగా మిగిలినదే యా యాలయము. తీసివేసినదానిని మఱల అతికింప వీలు లేదు. కొయ్య యచ్చు చెక్కువాని ధర్మమును సరిగా నిదియే గదా! అక్కఱలేనిదానిని తొలచి, కావలసినదానిని నిలువనిచ్చుట. రాతిలో చేసిన యంత పెద్ద యచ్చు పలకను చూచిన జపాను శిల్పి, తన కులవృత్తివారి పూర్వులను చూచినట్లు సంతోషించి యుండునని యూహించుట తప్పు గాదు. కైలాసమును చెక్కిన వారి పేర్లలో నొక్కటియు మనము కంఠస్థము చేయలేదు. రాజు పేరు మాత్రము చదువుకొన్నాము.

ఈ మాట మనలను హిరోషి లోపముల కడకు తీసికొనిపోవుచున్నది.

మొదటి లోపము ఇదియే. అతని యుత్తమచిత్రముల యంచున రెండక్షరముల ముద్ర యొకటి యుండును. "స్వయముగా నద్దినది" అని దాని యర్థము. కాని యతని కార్యశాలలో వేలకొలది ప్రతులను అద్దినవారు జీతమునకు పనిచేయు నేర్పరులు; అతడు ప్రక్కన నిలిచి ప్రతి యద్దకమును పరీక్షించెడివాడు. పరీక్షించుట యద్దుటతో సమానమని యతడు భావించి యుండవచ్చును. చిత్రము క్రింద అతని సంతకమున్నది, ముద్ర యున్నది. చెక్కినవాని పేరు లేదు, అద్దినవాని పేరు లేదు. పనిని గౌరవించుట నేర్చుకొన్న మహాశిల్పి పనివానిని పేరుపెట్టి పిలుచుట మాత్రము నేర్చుకొనలేదు. గోడ సగమే పడినదని మొదట చెప్పుటకు హేతువు ఇదియే.

రెండవ లోపము దృష్టికి సంబంధించినది. అతని చిత్రములలో మనుష్యుడు తఱుచుగా కట్టడమునకు కొలబద్ద. కాశీ ఘట్టమున స్నానమాడువారు, గుడిముందఱి యాత్రికులు, వీరందఱు వెలుగును ప్రతిఫలింపజేయు రంగుచుక్కలు. 1931లో మన దేశమెట్లుండెను? ఉప్పు సత్యాగ్రహము జరిగి సంవత్సరమైనను కాలేదు. చెఱసాలలు నిండి యుండెను. ఆ సంచలనము అతని కాగితముపై లవలేశమును లేదు. అతిథి మన యింటి కలహములను వ్రాయవలెనని నిర్బంధింపలేము, నిజమే. కాని చిత్రమునందు నిశ్శబ్దము సుందరముగా నున్నంత మాత్రమున, దేశమునందును నిశ్శబ్దముండెనని మనము భ్రమపడరాదు.

మూడవది లోపమనుటకంటె కళంకమనుట మేలు. 1938 మొదలుకొని అతడు జపాను సైన్యము వెంట చైనాకు పోయి యుద్ధచిత్రములు వ్రాసెను. ఆ సైన్యము చైనా ప్రజలకు చేసిన ఘోరము లోకమెఱుగును. కొండలపై తెల్లవాఱు వెలుగుకై రాత్రియంతయు మేల్కొన్న కన్నులు, కాలుచున్న గ్రామములను చూచి యేమనుకొన్నవో! కళాభిరుచి గలవాడు తప్పక సత్పురుషుడగునని మనలో చాలమంది నమ్మిక. అది యసత్యము. సౌందర్యజ్ఞానము వేఱు, న్యాయజ్ఞానము వేఱు. మొదటిది రెండవదానికి సాయపడవచ్చును గాని దాని స్థానమును పొందజాలదు. అట్లని యతని సెలయేటిని మనము చింపివేయ నక్కఱలేదు. చిత్రమును చిత్రముగా చూచి, చరిత్రమును చరిత్రముగా చెప్పుటయే విమర్శకుని విధి.

యుద్ధానంతరము 1946లో, పల్లెటూరి రైతు యింటి లోపలిభాగమును చూపు నొక చిత్రమును వేసెను. ఇదియే యతని కడపటి కొయ్య యచ్చు. ఇరువదియైదేండ్లలో రెండువందల యేబదికి పైగా అచ్చుచిత్రములు వేసి, తన విద్యను దాచుకొనక 1939లో ఆంగ్లభాషలో నొక గ్రంథముగా వెల్లడించి, 1950వ సంవత్సరము ఏప్రిలు 5వ తేదీన టోకియోలో దివంగతుడయ్యెను.

ఇక ఫుజియో కథ. సోదరీమణులు దీనిని శ్రద్ధతో చదువవలెనని కోరుచున్నాను. పదునాఱవ యేట సముద్రములు దాటి చిత్రములమ్మిన యీ బాలిక, వివాహానంతరము బిడ్డలను, ఇంటిని, భర్త కార్యశాలను చూచుకొనుచునే కుంచెను విడువలేదు. స్త్రీ చిత్రకారుల సంఘమొకటి టోకియోలో నేర్పడినపుడు దానిని స్థాపించినవారిలో నామె యొకతె. అయినను భర్త జీవించియున్నంత కాలము లోకమామెను ఆయన భార్యగానే యెఱిగినది. భర్త పోయిన తరువాత, అఱువదేండ్లు దాటిన వయస్సున, ఆమె పూవులను మిక్కిలి దగ్గఱగా చూచి, రేకుల మడతలను పెద్దవి చేసి, కొయ్య యచ్చు చిత్రములు చేయసాగెను. భర్త దూరపు కొండలను చూచెను. ఆమె చేతికందు పూవు నడిమి లోతును చూచెను. ఆమె చిత్రము భర్త చిత్రమునకు నకలు గాదు. నూఱేండ్ల నిండు జీవితము గడపి 1987లో నామె గతించెను.

ఆమె తల్లియైన రుయియు చిత్రకారిణి. కుమారులు తోషి, హొదాకాలు ఇరువురును అచ్చు శిల్పులైరి. హొదాకా భార్య చిజుకో 1956లో స్త్రీ అచ్చుచిత్రకారుల సంఘమును స్థాపించినవారిలో నొకతె. చిజుకో కుమార్తె అయోమి నేటికాలమున పేరుపొందిన శిల్పి. తల్లి, కూతురు, కోడలు, మనుమరాలు: ఒక్క కుటుంబమున ఇందఱు స్త్రీలు చిత్రకళను వృత్తిగా చేపట్టుట యే దేశమునందైనను అరుదు. మన యిండ్లలో మాత్రమేమి? ముంగిట ముగ్గు పెట్టు చేతికి కొలతయు, రేఖాశుద్ధియు పుట్టుకతోనే యుండునని కొనియాడుదుము. ఆ చేయి కాగితము పట్టుకొని, ఇది నా పని, దీనికి వెల యింత యని చెప్పినచో మాత్రము కనుబొమలు ముడివడును. గడప బయట ముగ్గు తెల్లవాఱి చెఱిగిపోవును గావున మెచ్చుకొందుము గాబోలు!

మన తెలుగువారిలో అచ్చు విద్యచే లోకఖ్యాతి పొందినవారు లేరా యని చదువరులడుగవచ్చును. ఉన్నారు. చిత్తూరు జిల్లాలోని నందనూరున 1925లో జనించిన కృష్ణారెడ్డి శాంతినికేతనములో నందలాల్ బోసు శిష్యుడై, లండను మీదుగా ప్యారిస్ నగరము చేరి, హేటరు కార్యశాలలో పనిచేసి, లోహపు పలకపై చెక్కుటలో నొక క్రొత్త త్రోవ కనిపెట్టెను. హిరోషి ఒక కాగితముపై ముప్పది యద్దకములు వేసిన చోట, కృష్ణారెడ్డియు నతని సహచరులును చిక్కదనము వేఱు వేఱుగా నున్న తైలవర్ణములను ఒకే పలకపై పట్టించి, ఒక్క యొత్తిడిలోనే అనేక వర్ణములు దిగునట్లు చేసిరి. చిక్కని రంగును పలుచని రంగు చేరనీయకుండుట దీనిలోని కిటుకు. 1972లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చెను. 2018లో న్యూయార్కులో నతడు మరణించినపుడు, మన దిల్‌సుఖ్‌నగరు శిక్షణాలయములలోని వేలాది బాలబాలికలలో ఎందఱా పేరు వినియుందురు? పిల్లలను నిందించి ప్రయోజనము లేదు. వారి పుస్తకములలో ఆ పేరు లేదు, మన సంభాషణలలోను లేదు.

జీవనోపాధికి పనికివచ్చు విద్య వలదని నేననను. జిల్లాల నుండి వచ్చిన తలిదండ్రులు పొలము కుదువబెట్టి పిల్లలను వసతిగృహములలో నుంచుచున్నారు. వారి యాశను పరిహసించుట పాపము. నేను చెప్పునది వేఱు. చేతిని మఱచిన చదువు కుంటి చదువు. కొయ్యనార యేవైపునకు పోవుచున్నదో యెఱుగక యులి నడపినవాడు పలకను చీల్చును. ఓపిక, కొలత, తప్పును తప్పని యొప్పుకొనుట అను గుణములను ఆ కొయ్యయే నేర్పును. ఇంజనీరునకు నివి యక్కఱలేదా? వైద్యునకు నక్కఱలేదా? మఱియు, ఒకమాఱు చెక్కి చూచినవాడు పెడన పనివానితో బేరమాడునపుడు నాలుక యంత సులభముగా కదలదు. ఒక దుప్పటిలో నెన్ని యద్దకములున్నవో, ఎన్ని దినముల యెండయు నీరును ఉన్నవో వాని చేయి యెఱుగును. ఇది కళాబోధన మాత్రమే గాదు, నీతిబోధన గూడ.

మా మామగారు మా యింట నాలుగు దినములుండిరి. మూడవ దినమున అమ్మాయి వారిని మెట్రో రైలులో సాలార్జంగు మ్యూజియమునకు తీసికొనిపోయి, జపాను వస్తువుల గదిని చూపెను. వారు ఆ పింగాణీ పాత్రలయెదుట చాలసేపు నిలిచి, "ఎంత పనితనము!" అనిరట. ఇంటికి వచ్చిన పిమ్మట కొయ్యముక్కను చేతిలోనికి తీసికొని, కొంగ మెడవంపును వ్రేలితో తడవి చూచి, "ఇచ్చట కొంచెము లోతు చాలలేదు" అనిరి. అంతకుమించి యేమియు ననలేదు. ఊరికి పోవునాడు ఆ కొంగ యద్దిన కాగితమొకటి వారి సంచిలో నుండెను. దాని యంచున అమ్మాయి తన పేరు వ్రాసి, దాని ప్రక్కన, ఉలికి పదును పెట్టి యిచ్చిన మా వీధి వడ్రంగి పేరును గూడ వ్రాసెను. యొషిదా హిరోషి చేయని పని యొకటి మా దిల్‌సుఖ్‌నగరు పిల్ల చేసినందుకు నాకు గర్వము కలిగినదన్నచో చదువరులు మన్నింతురు గాక.